తహసీల్దారు గోపన్న

ఖమ్మము పట్టణమునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నేలకొండపల్లి యను గ్రామము కలదు. ఆ గ్రామమున 17వ శతాబ్దమున కంచర్ల లింగన్న, కామాంబ యను దంపతులు నివసించుచుండిరి. వారి కుమారుడు గోపన్న. లోకము ఈతనిని భద్రాచల రామదాసని ఎరుగును. ఆతని కీర్తనలు వినబడని తెలుగుపల్లె లేదు. అయితే గోపన్న పాటలు కట్టుటకు పూర్వము లెక్కలు వ్రాసినవాడు. రైతుల యొద్ద శిస్తు వసూలు చేసి రాజు ఖజానాకు పంపుట ఆతని ఉద్యోగము. ఆతని చెరకు కారణము ఒక లెక్క. ఆ చెరయే ఆతని పాటలలో పెక్కింటికి కారణము. కావున భక్తుడైన రామదాసు కథ తెలిసికొనుటకు ముందు, ఉద్యోగియైన గోపన్న కథ తెలిసికొనవలెను.

గోపన్న 1620 ప్రాంతమున జన్మించెనని చెప్పుదురు. ఆతని యింట రామభక్తి, అన్నదానము తండ్రి నాటి నుండియు ఉన్నవి. యౌవనము రాకమునుపే ఆతడు తల్లిదండ్రులను కోల్పోయెను. రఘునాథ భట్టాచార్యులు ఆతనికి గురువు. కబీరుదాసు ఆతనికి రామమంత్రము ఉపదేశించెనని హరిదాసులు చెప్పు కథ యొకటి కలదు. కబీరు 15వ శతాబ్దివాడు, గోపన్న 17వ శతాబ్దివాడు. కావున దానిని కథగానే వినవలెను. గోపన్న భార్య పేరు కమల.

తండ్రి మరణానంతరము ఇంటి సిరి తరిగినది గాని ఇంటి అలవాటు మారలేదు. వచ్చినవారికి అన్నము పెట్టుట, అడిగినవారికి లేదనకుండుట గోపన్న స్వభావము. తన సొమ్ము తాను దానము చేయువాడు ఎవరి అనుమతియు కోరనక్కరలేదు. ఎవరికిని లెక్క చూపనక్కరలేదు. ఆ స్వభావముతోడనే గోపన్న రాజోద్యోగమున ప్రవేశించెను.

ఆ కాలమున తెలంగాణము గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల ఏలుబడిలో ఉండెను. 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా సింహాసనము నెక్కెను. ప్రజలు ఆయనను తానీషా యని పిలిచెడివారు. ఆయన కొలువున అక్కన్న, మాదన్న యను సోదరులు మిక్కిలి పలుకుబడి గలవారైరి. మాదన్న ప్రధానమంత్రియై రాజ్యభారమంతయు వహించెను. ఈ సోదరులు గోపన్నకు మేనమామలు. వారి సిఫారసు మీదనే గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నియమింపబడెను. భద్రాచలము ఆ పరగణాలోనిది.

నాటి తహసీల్దారు ఉద్యోగము సామాన్యమైనది కాదు. గ్రామములందు కరణములు భూముల లెక్క వ్రాసెడివారు. పంట చేతికి వచ్చినపుడు రైతు తన శిస్తు చెల్లించెడివాడు. ఆ పైకమంతయు తహసీల్దారు కచేరీకి చేరెడిది. కచేరీ ఖర్చులు పోగా మిగిలిన దానిని మూటలు కట్టి, కావలివారిని తోడిచ్చి రాజధానికి పంపెడివారు. అట్లు పంపు పైకమునకు ఇరుసాలు అని పేరు. ఇరుసాలు గడువులోపల చేరవలెను. చేరినట్లు ఖజానావారు రసీదు ఇచ్చెడివారు. ఆ రసీదే తహసీల్దారునకు రక్ష.

గోలకొండ రాజ్యమున పరగణాల వసూలు హక్కును పెక్కుచోట్ల ఎక్కువ పైకము ఇచ్చెదనన్న వారికి గుత్తకు ఇచ్చెడి ఆచారము కూడ ఉండెను. 17వ శతాబ్ది తొలి భాగమున మచిలీపట్నమున నివసించిన మెథ్వోల్డు అను ఆంగ్లవర్తకుడు ఈ పద్ధతిని గూర్చి వ్రాసియున్నాడు. ఒప్పుకొన్న పైకము రాజునకు చేరినచో చాలును. అది రైతు యొద్ద నుండి ఎట్లు వచ్చెనో, ఎంత వచ్చెనో అడుగువారు అరుదు. పైకము చేరనిచో మాత్రము శిక్ష కఠినముగా నుండెడిది. ఇట్టి ఏర్పాటులో లెక్క యనునది ఉద్యోగికిని రాజునకును నడుమ నుండు రహస్యము. శిస్తు కట్టిన రైతునకు అందు చోటు లేదు. గోపన్న ఈ ఏర్పాటులోనికే వచ్చి చేరెను.

పాల్వంచ నుండి ఈశాన్యముగా పోయినచో దట్టమైన అడవి. టేకు, వెదురు, తునికి, ఇప్ప చెట్లతో నిండిన ఆ మన్యమున కోయలు తరతరములుగా నివసించుచున్నారు. అడవిని చీల్చుకొని గోదావరి ప్రవహించును. నది ఉత్తరపు గట్టున ఒక చిన్న గుట్ట. అదియే భద్రగిరి. ఆ గుట్ట చెంత భద్రిరెడ్డిపాలెమను పల్లెలో పోకల దమ్మక్క అను స్త్రీ ఉండెడిది. ఆమె అడవిలో ఒక పుట్టయందు సీతారామలక్ష్మణుల విగ్రహములను కనుగొనెనని స్థలపురాణము చెప్పుచున్నది. ఆమెకు ధనము లేదు. ఆకులతో పందిరి వేసి, అడవిలో రాలిన తాటిపండ్లను నైవేద్యము పెట్టి ఆ దేవుని కొలిచెను. చుట్టుపట్ల పల్లెలవారు వచ్చి మ్రొక్కసాగిరి. ఏటేట జాతర జరుగసాగెను.

గోపన్న పరగణాలో తిరుగుచు ఈ స్థలమునకు వచ్చెను. పందిరి క్రింద నున్న విగ్రహములను చూచి ఆతని మనస్సు కరగెను. వానకు తడియుచు ఎండకు ఎండుచున్న ఆ దేవునికి రాతిగుడి కట్టింపవలెనని ఆతడు నిశ్చయించుకొనెను. ఇంతవరకు చేసినదంతయు మెచ్చదగినదే. తరువాతి అడుగు చాల జాగ్రత్తగా చూడవలసినది.

మొదట గోపన్న చందాలు ప్రోగుచేసెను. రైతులు తమకు తోచినంత ఇచ్చిరి. పని ప్రారంభమయ్యెను. అడవి నడుమ గుట్ట మీద గుడి కట్టుట చౌకపని కాదు. రాయి తేవలెను, శిల్పులను దూరదేశముల నుండి పిలిపింపవలెను, వారికి నెలల తరబడి తిండి పెట్టవలెను. చందాల సొమ్ము చాలలేదు. గోడలు సగములో నిలిచినవి. అపుడు గ్రామస్థులు ఒక ఉపాయము చెప్పిరని ఒక కథనము. కచేరీలో శిస్తు పైకము సిద్ధముగా నున్నది. దానితో ఇప్పటికి పని పూర్తి చేయవలసినది. వచ్చు పంట కోతకు రాగానే తామందరును ఆ సొమ్ము సమకూర్చి తిరిగి ఇచ్చెదము అని వారు మాట ఇచ్చిరట. గోపన్న అందులకు సమ్మతించెను.

మరియొక కథనము ప్రకారము గోపన్న ఎవరి సలహాయు లేకయే ఖజానా పైకమును వెచ్చించెను. రెండు కథనములును ఒక విషయమున ఏకీభవించుచున్నవి. గోలకొండకు ముందుగా విన్నపము పోయి, అనుమతి వచ్చి, ఆ పిమ్మట సొమ్ము వెచ్చింపబడలేదు.

ఖర్చయిన మొత్తము ఆరులక్షల వరహాలని ప్రతీతి. వరహా యనగా నాటి బంగారు నాణెము. ఆలయము లేచినది. ప్రాకారము, గోపురము, మండపములు కట్టబడినవి. గోపురము మీది సుదర్శన చక్రము గోపన్నకు గోదావరీజలములలో దొరికెనని భక్తులు నమ్ముదురు. సీతమ్మకు, రామునకు, ఆయన తమ్ములకు ఆభరణములు తయారైనవి. ఉత్సవములు సాగినవి. వచ్చిన యాత్రికులకెల్ల గోపన్న యింట భోజనము. అట్టి సంతర్పణ సమయమున ఆతని పసికందు గంజిగుంటలో పడుటయు, రామకృపచే తిరిగి బ్రతుకుటయు హరికథలలో వినుచున్నాము.

గోపన్న ఈ సొమ్ములో ఒక్క వరహాయైనను తనకై దాచుకొన్నాడని ఆతని విరోధులు సైతము చెప్పినట్లు ఏ కథయు లేదు. ఆతడు మేడ కట్టలేదు, మాన్యములు కొనలేదు. ఇది నిజము. అయితే మరియొక నిజమును కూడ ప్రక్కన పెట్టి చూడవలెను. ఆ పైకము గోపన్నది కాదు. అది పరగణాలోని రైతులు చెమటోడ్చి పండించిన పంటలోని పాలు. రాజునకు చెల్లవలసిన దానిని చెల్లించితిమన్న ధైర్యముతో వారు ఇండ్లకు పోయిరి. వారిలో కొందరు రామభక్తులు కావచ్చును, కొందరు కాకపోవచ్చును. అడవిలోని కోయకును, నదికి ఆవల నున్న ముస్లిము రైతునకును శిస్తు ఒక్కటే. గుడికై చందా ఇచ్చిన చేయి వేరు, శిస్తు కట్టిన చేయి వేరు. మొదటి దానిలో ఇష్టము కలదు. రెండవ దానిలో బలవంతము కలదు. బలవంతముగా వచ్చిన సొమ్ము ఎచటికి పోయెనో తెలిసికొను హక్కు ఇచ్చినవానికి ఎక్కువ.

పైగా ఇరుసాలు చేరని యెడల రాజధాని ఏమి తలచును? పాల్వంచ పరగణావారు శిస్తు ఎగవేసిరని తలచును. మరల వసూలునకు మనుష్యులను పంపినచో, ఒకసారి కట్టిన రైతు రెండవసారి కట్టవలసి వచ్చును. కట్టితినని చెప్పుకొనుటకు ఆతని చేత కాగితము లేనిచో ఆతని మాట వినువారెవ్వరు? గుడి గోడలు లేచుచున్న దినములలో ఈ ప్రమాదము పరగణాలోని ప్రతి యింటి మీదను వ్రేలాడుచుండెను.

గోపన్న వెచ్చించుట ఒక తప్పైనచో, వెచ్చించితినని చెప్పకుండుట అంతకంటె పెద్ద తప్పు. ఇంత వసూలైనది, ఇంత దీనికి ఖర్చు చేసితిని, ఇంత ఫలానా పంటకు తిరిగి కట్టెదము, ఇవిగో రైతుల వ్రాళ్లు అని ఒక కాగితము ఆనాడే గోలకొండకు పంపియున్నచో కథ వేరుగా నుండెడిదేమో. తానీషా కోపగించెడివాడు కావచ్చును; ఉద్యోగము పోయెడిది కావచ్చును. అయినను లెక్క వెలుతురులో ఉండెడిది. దాచినందువలన, సొమ్ము మ్రింగిన ఉద్యోగికిని, గుడి కట్టిన ఉద్యోగికిని దూరమున నున్నవారికి భేదము కనబడలేదు. ఇరువురి దస్త్రములును ఒక్క తీరుగనే ఖాళీగా నుండెను.

గ్రామస్థులు మాట ఇచ్చిరన్న కథనము నిజమైనను చిక్కు తీరదు. ఎవరు ఇచ్చిరి? ఎందరు ఇచ్చిరి? జాతరకు వచ్చిన నలుగురు పెద్దలు తల ఊపినంత మాత్రమున పరగణా అంతయు ఒప్పుకొన్నట్లగునా? ఈ ప్రశ్న మూడు శతాబ్దముల తరువాత ఆ భూమి మీదనే చట్టరూపమున తిరిగి వచ్చినది. భద్రాచల మన్యము భారత రాజ్యాంగపు అయిదవ షెడ్యూలునకు చెందిన గిరిజన ప్రాంతము. ఇట్టి ప్రాంతములకై పార్లమెంటు 1996లో ఒక చట్టము చేసినది. దాని ప్రకారము గ్రామపంచాయతీ తాను వెచ్చించిన నిధులకు గ్రామసభ నుండి ధ్రువపత్రము పొందవలెను. అనగా సర్పంచి లెక్క కలెక్టరునకు చూపిన చాలదు. చెట్టు క్రింద కూడిన ఊరివారికి చూపి, సరియేనని వారిచేత అనిపించుకొనవలెను. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ కార్యాలయము లోని జమాఖర్చుల ప్రతిని అడిగి తీసికొను అధికారము సామాన్య పౌరునకు కలిగినది. గోపన్న కాలమున ఇట్టివి లేవు. నాడు రైతు అడుగలేడు, తహసీల్దారు చెప్పనక్కరలేదు. రాజు అడిగిన నాడు మాత్రమే లెక్క.

ఆ దినము రానే వచ్చెను. పాల్వంచ నుండి ఇరుసాలు రాలేదని ఖజానావారు గుర్తించిరి. గిట్టనివారు తానీషా చెవిని వేసిరి. అది గోలకొండకు ధనము మిక్కిలి అవసరమైన కాలము. ఉత్తరమున మొగలులు కప్పము కొరకు ఒత్తిడి చేయుచుండిరి. 1677లో శివాజీ హైదరాబాదునకు వచ్చినపుడు, ఆయన దక్షిణదేశపు దండయాత్రకు ధనసహాయము చేయుటకు గోలకొండ ఒప్పుకొనెను. అట్టి స్థితిలో ఒక పరగణా రాబడి యావత్తు కనబడకుండ పోవుట అల్పవిషయము కాదు.

మేనమామలకు వచ్చిన కష్టము మరియొక విధమైనది. అక్కన్న మాదన్నల పెంపు చూచి ఓర్వనివారు కొలువులో చాలమంది ఉండిరి. మేనల్లునికి ఉద్యోగము ఇప్పించిన వారు తామే. ఆతనిని వెనుక వేసికొన్నచో బంధుప్రీతి యందురు. సొమ్ములో భాగమున్నదని కూడ అందురు. లెక్క తేటగా నున్నచో వారు ధైర్యముగా ఆతని పక్షమున మాటాడగలిగెడివారు. లెక్క లేనందున ప్రధానమంత్రికి సైతము నోరు పెగలలేదు. గోపన్న దాపరికము ఆతనిని మాత్రమే గాక, ఆతనిని నమ్మినవారిని కూడ బంధించెను.

గోపన్నను గోలకొండకు పిలిపించిరి. పైకమేదని అడిగిరి. రామునకు అర్పించితినని ఆతడు చెప్పెను. తానీషా ఆతనిని చెరలో వేయించెను. పైకము చెల్లించువరకు విడువరాదని ఆజ్ఞ. ఆతనిని కొరడాలతో కొట్టి బాధించిరని కీర్తనలవలన తెలియుచున్నది. గోలకొండ కోటలో రామదాసు బందిఖానా యని చూపు గది నేటికిని కలదు. ఎత్తయిన రాతిగోడలు, లోపల చీకటి. గోడ మీద రామలక్ష్మణుల, హనుమంతుని రూపములు చెక్కబడి యున్నవి. వాటిని గోపన్నయే చెక్కెనని చెప్పుదురు. అచట ఆతడు 12 సంవత్సరములు గడపెనని ప్రతీతి.

ఆ చీకటిలో తహసీల్దారు గోపన్న రామదాసయ్యెను. ఆతడు రామునితో మాటాడెను, ప్రార్థించెను, అలిగెను, నిందించెను. కొన్ని కీర్తనలలో ఆతని మాట కచేరీలో అర్జీ పట్టుకొని నిలిచిన వాని మాటవలె నుండును. యజమాని వినకున్నచో ఇల్లాలి ద్వారా చెప్పించు సామాన్యునివలె, తన సంగతి రామునితో మాటాడుమని సీతమ్మను వేడుకొనెను. ఉద్యోగకాలమున తన గుమ్మము ముందు ఎందరు రైతులు ఇట్లే నిలిచిరో ఆతనికి జ్ఞప్తికి వచ్చెనో లేదో కాని, ఆ నిలుచుట యెట్టిదో ఆతని పాటలకు బాగుగా తెలియును.

వీనిలో ఒక కీర్తన మిక్కిలి విశేషమైనది. దెబ్బలు తాళలేక గోపన్న రామునికి ఖర్చుల పట్టిక చదువును. ప్రాకారమునకు ఇంత, భరతుని పచ్చల పతకమునకు ఇంత, శత్రుఘ్నుని మొలత్రాటికి ఇంత, లక్ష్మణుని ముత్యాల పతకమునకు ఇంత, సీతమ్మ చింతాకు పతకమునకు ఇంత యని ఒక్కొక్కటియు వెలతో సహా ఏకరువు పెట్టును. ఇవన్నియు ఎవరి సొమ్మనుకొని ధరించి తిరుగుచున్నావు, నీ తండ్రి పెట్టినవా, మామ పంపినవా యని రాముని నిలదీయును. పాడువారికి కన్నీరు వచ్చును, వినువారికి నవ్వును వచ్చును.

ఆ పట్టికను ఒక కరణము కన్నుతో చూచినచో మరియొక సంగతి బయటపడును. వెల చెప్పబడిన వస్తువులు అయిదు. ఒక్కొక్క దానికి పదివేలు. కూడినచో యాభైవేలు. పోయిన మొత్తము ఆరులక్షలు. తక్కిన అయిదున్నర లక్షలు ఏ పనికి పట్టెనో పాటలో లేదు. ప్రతి వస్తువునకును సరిగా పదివేలే యగుటయు లోకమున జరుగదు. గోడకు పట్టిన ఖర్చు, మొలత్రాటికి పట్టిన ఖర్చు ఒక్కటి యగునా? పాటలో ఇట్టి ప్రశ్న వేయరాదు, నిజమే. పాట పనివేరు. బాధలో నున్న భక్తుడు లెక్కకు సరిపడునట్లు పాడవలెనని అడుగువాడు రసికుడు కాడు. అయినను గమనింపదగినది ఒకటి కలదు. గోపన్న తన జీవితమున వివరముగా చెప్పిన లెక్క ఇది యొక్కటే మనకు వినబడుచున్నది. అది చెప్పవలసిన వారికి గాక దేవునికి చెప్పెను. చెప్పవలసిన కాలమున గాక చెరలో పడిన పిదప చెప్పెను.

చెరసాలలోని దినములను గూర్చి పెక్కు కథలు కలవు. ఆతని పేర దాశరథీ శతకము నిలిచినది. నేటికిని తెలుగు పిల్లలు అందలి పద్యములు వల్లించుచున్నారు. త్యాగరాజు తన ప్రహ్లాద భక్తి విజయమున ఆతనిని భక్తితో స్మరించెను. 1964లోను, 2006లోను ఆతని కథ చలనచిత్రములుగా వచ్చినది.

విడుదల కథ అందరును ఎరిగినదే. ఒకనాటి అర్ధరాత్రమున ఇద్దరు యువకులు తానీషా శయనాగారమునకు వచ్చిరట. తాము రామోజీ, లక్ష్మోజీ యను వారమనియు, గోపన్న సేవకులమనియు చెప్పిరట. ఆరులక్షల పైకమును ఆయన ముందు కుప్పగా పోసిరట. ఇది భక్తుల విశ్వాసము. తెలుగుదేశమున తరతరములుగా ఈ కథ చెప్పుకొన్నవారు అందొక చిన్న విషయమును మరువలేదు. పైకము ఇచ్చినంతనే ఆ యువకులు వెడలిపోలేదు. ముట్టినట్లు రసీదు ఇమ్మని తానీషాను అడిగిరి. ఆయన ముద్ర వేసి ఇచ్చిన రసీదును తీసికొనిపోయి, చెరలో నిద్రించుచున్న గోపన్న తలాపున ఉంచిరి. ఆలయము కట్టిన వాని కథలో, గోపన్న ఏ కాగితము లేక చెర పాలయ్యెనో ఆ కాగితమును దేవుడే వ్రాయించి తెచ్చుట జనులకు అవసరమని తోచినది. శిస్తు కట్టి రసీదు చేతికి రాక అవస్థపడిన రైతులు ఈ కథను ఎంత శ్రద్ధగా వినియుందురో ఊహింపవచ్చును.

తెల్లవారిన పిమ్మట తానీషా చెరసాలకు వచ్చి గోపన్నను విడిపించెను. పైకమంతయు తీసికొనుమని చెప్పినను గోపన్న అంగీకరింపక, గుర్తుగా రెండు నాణెములు మాత్రము గ్రహించెనని చెప్పుదురు. తానీషా ఆలయమునకు భూముల రాబడి నిచ్చెననియు, ఆ రాబడి ఇంత యని, దీనికి అని ఈసారి సనదు వ్రాయించి ఇచ్చెననియు ప్రతీతి. గుడి మొదటి నుండియు పొందవలసినది ఇట్టి సొమ్మే: ఇచ్చువాడు ఎరిగి ఇచ్చినది, పదిమంది చూడ వ్రాసినది.

గోపన్న మరల ఉద్యోగమున చేరలేదు. భద్రాచలము చేరి, తాను కట్టించిన ఆలయమున సేవ చేయుచు, కీర్తనలు పాడుచు శేషజీవితము గడపెను. గోలకొండకు మాత్రము మంచి దినములు మిగులలేదు. 1686లో అక్కన్న మాదన్నలు దారుణముగా హత్య చేయబడిరి. 1687లో ఔరంగజేబు గోలకొండ కోటను పట్టుకొనెను. తానీషా బందీయై దౌలతాబాదు కోటకు పంపబడి, అచటనే మరణించెను. ఒకనాడు గోపన్నను చెరలో ఉంచిన రాజు తన కడపటి సంవత్సరములను చెరలోనే గడపెను.

భద్రాచలము 1860లో నిజాము రాజ్యము నుండి ఆంగ్లేయుల పాలనలోనికి పోయి, మదరాసు రాష్ట్రమున చేరి, 1959లో ఖమ్మము జిల్లాకు తిరిగి వచ్చినది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ప్రభుత్వములు ఎన్ని మారినను, శ్రీరామనవమి నాడు కల్యాణమునకు ప్రభుత్వ పక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆగలేదు. అది తానీషా ప్రారంభించినదని చెప్పుదురు. ఆలయమున గోపన్న చేయించిన ఆభరణములను, రామమాడలని పేరుగల రెండు నాణెములను నేటికిని భద్రపరచి యాత్రికులకు చూపుచున్నారు. చింతాకు పతకమును చూచినపుడు పెద్దలు పిల్లలకు దాని వెల చెప్పుదురు. ఆ వెల వారికి తెలిసినది పాటవలననే.